ముప్పై రోజుల రసీదు

కోర్టు బంట్రోతు మూడుసార్లు పిలిచాడు,
దుర్యోధనా, దుర్యోధనా, దుర్యోధనా అని.
కొత్తగా వచ్చిన మేజిస్ట్రేటు తలెత్తి చూశాడు.
మా ఉద్దానంలో ఆ పేరుకి ఎవరూ నవ్వరు.
పుట్టిన పిల్లాడికి ముద్దుగా పెట్టుకున్న పేరు, అంతే.

పధ్నాలుగు నెలలు. నెలకి రెండున్నర వేలు.
"కట్టలేవా? కట్టవా?" అని అడిగారు.
నేలకేసి చూశాడు.
ఆ చూపు నాకు తెలుసు.
పాప జ్వరానికి మందులు తెమ్మంటే
పేకాటలో ఫోను పోగొట్టుకొచ్చిన రాత్రి
ఇదే చూపు చూశాడు.
నెల రోజులన్నారు.
కానిస్టేబులు రెక్క పట్టుకోలేదు,
భుజమ్మీద చెయ్యేసి తీసుకెళ్ళాడు
విందుకి పిలుచుకెళ్తున్నట్టు.

సాయంత్రానికి గున్నమ్మ వచ్చి వాకిట్లో కూలబడింది.
"ఒలే, నా గుంటడ్ని జైల్లో ఎట్టించీసి
నీకు కూడెలా దిగుతాందే?"
దిగుతోంది అత్తా,
ఉల్లిపాయ నంజుకుంటే బాగానే దిగుతోంది.
అనలేదు. గ్లాసుడు టీ ఇచ్చాను.
తాగింది. తాగి, మళ్ళీ మొదట్నుంచీ ఏడ్చింది.

కాశీబుగ్గలో జీడిపిక్కల ఫ్యాక్టరీ నాది.
నాదంటే, నా వేళ్ళు అందులో ఉన్నాయని.
పిక్క పగిలితే రసం చిందుతుంది.
బూడిద రాసుకుంటాం, ఆముదం రాసుకుంటాం,
అయినా తోలు ఊడుతుంది.
రేషన్ మెషీను ప్రతి నెలా నా బొటనవేలు తడిమి
సరిపోలలేదంటుంది.
రోహిణి అతని కూతురేనని కోర్టులో రుజువైంది.
నేను నేనేనని మాత్రం
డీలరు దగ్గర రుజువవదు.

పక్క పీట మీద హారావతి
పొట్టు ఊదుతూ అడిగింది,
"ఏటే, ఇప్పుడు సంతోషంగుందా?"
గుళ్ళొక బుట్టలో, బద్దలొక బుట్టలో
వేరు చేస్తున్నాను.
ఆ మాటని ఏ బుట్టలో వెయ్యాలో తెలియలేదు.

పదో రోజున ఫైనాన్సు వాళ్ళు ఆటో పట్టుకుపోయారు.
దాని వెనక పసుపు రంగుతో
రోహిణి అని రాయించుకున్నాడు, అది పుట్టిన ఏడు.
ఇక మందస రోడ్డులో ఎవడో
నా కూతురి పేరు మోసుకుంటూ
సవారీలు ఎక్కించుకుంటాడు.

ప్లీడరు గారు ఫోన్లో చెప్పారు,
"జైలుకెళ్ళినంత మాత్రాన బాకీ పోదమ్మా,
అదలాగే ఉంటుంది" అని.
ఊరటగానే చెప్పారు, పాపం.

రోహిణి అయిదో తరగతి.
లెక్కల పుస్తకం చివరి పేజీ తీసింది.
"ముప్పై రోజులుంటాడు కదా,
రోజుకెంత తగ్గుతాదమ్మా?"
ఏమీ తగ్గదు.
"మరి ఈ నెల డబ్బులు?"
అవీ వచ్చి కలుస్తాయి.
పెన్సిలు చివర కొరికింది.
ముప్పై ఏడు వేల అయిదు వందలు అని వేసి
కింద రెండు గీతలు గీసింది,
లెక్క అయిపోయిందని టీచరు గీయించినట్టు.

నిన్న ఫ్యాక్టరీ గేటుకి అవతల,
రోడ్డు దాటకుండా నిలబడ్డాడు.
చేతిలో నాలుగు మడతల విడుదల కాగితం,
ఎవరో అడుగుతారేమోనన్నట్టు.
బడి నుంచి వచ్చిన రోహిణి నా కొంగు లాగి
"నాన్న ఒళ్ళు చేశాడే" అంది గుసగుసగా.
నిజమే.
నెల్లాళ్ళు వేళకి తిన్నాడు. తాగలేదు.
ముఖంలో పెళ్ళినాటి నునుపు ఒకటి వచ్చింది.
నాకు కోపం వచ్చింది దాని మీద.

"ఆటో పోనాది," అన్నాడు.
తెలుసన్నాను.
లారీ ఒకటి మా మధ్య నుంచి వెళ్ళింది.
దుమ్ము తగ్గాక కూడా అక్కడే ఉన్నాడు.
"లోపల మగోళ్ళకి పనుందేటి?"

బాయిలరు దగ్గర మనిషి కావాలని
వారం నుంచి వెతుకుతున్నారు.
బూడిద చేతులు కొంగుకి తుడుచుకున్నాను,
పోని మరకలని తెలిసీ.
మేస్త్రీ పేరు చెప్పాను.
నా పేరు మాత్రం చెప్పొద్దన్నాను.